చూసి తప్పుకోమన్న మేడమ్

మేడమ్ పోయారని పొద్దున్నే నా క్లాస్‌మేట్ సంధ్య ఫోన్ చేసి చెప్పింది. ఎం.టెక్.లో మాకు నెట్‌వర్క్ భద్రత పాఠం చెప్పిన మేడమ్. రిటైరయ్యాక కూడా క్యాంపస్‌కి దగ్గరగా, తార్నాకలోనే ఉండేవారు. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపొచ్చింది. కానీ ఆ సాయంత్రం మేమిద్దరం ఆమె కబుర్లు చెప్పుకుంటూ ఎంత నవ్వామంటే, హాస్టల్ వదిలాక అంత నవ్విన గుర్తు లేదు. ఆమెను తలుచుకోవడానికి మొహం వేలాడేసుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

మేడమ్‌ది కోస్తా వైపు. ఆదివారం చర్చిలో పాడే గొంతు కాబట్టి క్లాసులో మైకు ముట్టుకునేవారు కాదు. చేతి గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునేవారు. అయినా క్లాసుకి ఆలస్యంగానే వచ్చేవారు. అదెలా సాధ్యమో మాకెవరికీ అంతుబట్టలేదు.

కాల్‌బ్యాక్ ఫంక్షన్ అంటే ఏమిటో ఆమె బోర్డు మీద చెప్పలేదు. తార్నాకలో టిఫిన్ బండి దగ్గరికి తీసుకెళ్లి చెప్పారు. అక్కడ ఏం కావాలో చెప్పి పేరిస్తే, తయారయ్యాక బండి అన్న కేకేసి పిలుస్తాడు. సంధ్యకి ఆకలెక్కువ, ఓపిక తక్కువ. ఊరికే వెళ్లి "అయ్యిందా అన్నా" అని అడిగేది.

"ఎందుకమ్మా ఆయన్ని సతాయిస్తావు? పేరిచ్చావుగా, ఆయనే పిలుస్తాడు. ప్రోగ్రాములో కూడా అంతే. వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్ ఉంటుందే, లైబ్రరీ, దానికి నీ ఫంక్షన్ పేరు ఇచ్చి ఊరుకో. మెసేజ్ వచ్చినప్పుడల్లా అదే పిలుస్తుంది," అన్నారు మేడమ్.

"గప్పటిదాంక ఆకలైతే ఏం జెయ్యాలె మేడమ్?" అంది సంధ్య.

"నా ప్లేట్లోది తిను."

తినేసింది కూడా.

ఆ చివరి సంవత్సరం మా ప్రాజెక్టు మొండికేసింది. రెండు కంప్యూటర్లు రహస్యంగా మాట్లాడుకునే ముందు ఒకదాన్నొకటి పరిచయం చేసుకుంటాయి. మాది ఆ పరిచయంలోనే తెగిపోయేది. బయట నుంచి చూస్తే తీగ మీద పోయేదంతా గజిబిజి అక్షరాలు. వైవా దగ్గరపడింది. అది గట్టెక్కితేనే నాకొచ్చిన ఉద్యోగం నిలిచేది. మా ఇంట్లో వ్యవసాయం కాకుండా నెల జీతం తెచ్చే మొదటి మనిషిని నేనే కావాలి. భయంతో అన్నం సయించేది కాదు. తప్పు అవతలి కంప్యూటర్‌దే, అంటే సర్వర్‌దే అనుకుని నేనూ సంధ్యా ఆ వైపు కోడ్ రాసిందే మళ్లీ మళ్లీ రాశాం.

మేడమ్ ల్యాబుకి వచ్చి ముందు కీబోర్డు పక్కన పెట్టించారు. చిక్కుపడ్డ ప్రతి బ్యాచ్‌తోనూ ఆడించే ఆటొకటి ఉంది ఆమెకి. బల్లకి ఒక వైపు ముందు పలకరించే క్లయింటుగా నన్ను కూర్చోబెట్టి, అవతల జవాబిచ్చే సర్వర్‌గా తను కూర్చున్నారు. ఇద్దరం చీటీలు రాసి పంపుకోవాలి. మధ్యలో సంధ్య కాల్‌బ్యాక్. చీటీ ఎటు నుంచి ఎటు పోతోందో, అదేం చీటీయో పైకి చెప్పి, "చూసిన" అని, పక్కకి తప్పుకోవాలి. దిద్దకూడదు, దాచకూడదు.

సంధ్య మొదటి చీటీ పట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వలా అడ్డంగా నిలబడితే మా ఇద్దరి మాటలూ ఆగిపోతాయమ్మా. చూడు, తప్పుకో," అన్నారు మేడమ్.

పెద్దమ్మాయిలం చీటీలాట ఆడుతుంటే పక్క ల్యాబు వాళ్లు తలుపు దగ్గర గుమిగూడి నవ్వారు. మేడమ్ వాళ్లకంటే గట్టిగా నవ్వారు. తర్వాత అదే ఆటని ఫంక్షన్‌గా రాయించారు. రహస్యపు తాళాలు వేసేదీ తీసేదీ లైబ్రరీయే కనుక, ఏ మెసేజ్ ఎటు పోతోందో అది లోపలి నుంచే మాకు చెప్పింది. మా వైపు నుంచి పలకరింపు పోయింది. అటు నుంచి పలకరింపు వచ్చింది, వెనకే సర్వర్ గుర్తింపు కార్డులాంటి సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత ఒకే ఒక హెచ్చరిక, అంతటితో మాటలు తెగిపోయాయి.

"ఫోన్ పెట్టేసిందెవరమ్మా?" అన్నారు మేడమ్.

ఆ హెచ్చరిక ఎటు నుంచి పోయిందో నేను స్క్రీన్ మీద మళ్లీ చూశాను. "మనోళ్లే మేడమ్. క్లయింటే పెట్టేసింది."

"మరి ఇన్నాళ్లూ అవతలివాళ్లని తిట్టారేం?"

ఎందుకు పెట్టేసిందో అప్పుడు వెతికితే దొరికింది. క్లయింటు నడిచే ల్యాబు కంప్యూటర్‌లో గడియారపు బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా దాని తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. మేం మొన్న తయారు చేసుకున్న సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మనంది.

మేడమ్ తన చేతి గడియారం చూసుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "ఇన్నేళ్లకి నాకంటే లేటైనది ఒకటి దొరికిందమ్మా," అన్నారు.

తేదీ సరిచేశాం. పరిచయం పూర్తయింది. వైవా గట్టెక్కింది, ఉద్యోగం నిలిచింది. మొదటి జీతానికి స్వీట్లు పట్టుకెళ్లి, "మీరు లేకుంటే నా నౌకరీ పోతుండె మేడమ్," అన్నాను. "నేనేం చేశాను? చూశానంతే," అన్నారు. నిజంగానే ఆమె మా కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ రోజు నాకు అది వినయం అనిపించింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లల పక్కన కూర్చుని, చేతులు కట్టుకుని చూడటం ఎంత కష్టమో తెలుస్తోంది. ఆమె మీద ప్రేమ అప్పటికంటే ఇప్పుడే ఎక్కువైంది.

భూస్థాపన అయ్యాక మేమిద్దరం తార్నాక బండి దగ్గరికే వెళ్లాం. బండి అన్నకి అప్పటికే కబురు తెలుసు.

"పేరేం చెప్పాలమ్మా?" అన్నాడు.

"మేడమ్ పేరు మీదనే పిలువన్నా," అన్నాను.

సంధ్య ఒక్కసారి కూడా వెళ్లి అడగలేదు. కాసేపటికి బస్సుల హోరు మీదుగా అన్న గొంతు వినిపించింది.

"మేడమ్, ఇడ్లీ అయినయ్."

సంధ్య లేచి వెళ్లి ప్లేటు అందుకుంది. "చూసిన" అని, వెనకున్న వాళ్లకి దారిచ్చి పక్కకి తప్పుకుంది.