పీపా బీరు రుచి చూసిన ఆదివారం

జ్వరం తగ్గి మళ్లీ కొట్టు తెరిచిన రోజునే పప్పు మాడింది.

దమ్మపేటలో బస్సులు ఆగే చోటుకు దగ్గర్లో నాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పొద్దున లేచి పప్పు, రెండు కూరలు, ఒక వేపుడు, చారు చేసి స్టీలు గిన్నెల్లో సర్దుతాను. మండలాఫీసు ఉద్యోగులు, టీచర్లు, కిరాయి గదుల్లో ఒంటరిగా ఉండే, బ్యాంకులో పనిచేసే పిల్లలు వచ్చి కవర్లలో కట్టించుకుని పోతారు. ఆ రోజు పొయ్యి పక్కనే నిలబడి బెండకాయలు తరుగుతున్నాను. కొట్టు వెనకే మా ఇల్లు. ఇంట్లోంచి మా అత్తమ్మ కేక వేసింది.

“పప్పు మాడుతంది, వాసన వస్తలేదా పిల్లా?”

గిన్నె మూత తీశాను. పొగ కళ్లకు కొట్టి నీళ్లు కారాయి. అడుగంతా నల్లబడింది. గిన్నె మీదికి వంగి గట్టిగా గాలి పీల్చాను. పొగ వెచ్చగా ముక్కులోకి పోయింది, అంతే. వాసన అనేది ఏదీ లేదు. ఇంగువ డబ్బా తెరిచి చూశాను. వెల్లుల్లి నలిపి చూశాను. నా చేతుల్లో ఉన్నవి వెల్లుల్లి రెబ్బలని కళ్లు చెప్పాయే గాని ముక్కు చెప్పలేదు.

ఖమ్మం దవాఖానాలో ముక్కు డాక్టర్ దగ్గరికి పోయాం. జ్వరానికి ముక్కు లోపలి నరాలు దెబ్బతిన్నాయన్నాడు. కొందరికి కొన్ని నెలల్లో వస్తుందట, కొందరికి ఏళ్లు పడుతుందట, కొందరికి రాకపోవచ్చట. రోజూ లవంగం, నిమ్మకాయ, నీలగిరి తైలం ముక్కు దగ్గర పెట్టుకుని వాటి వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమన్నాడు. చూడ్డానికి తేలికైన పని. కాని లవంగాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని లవంగాన్ని తలుచుకుంటూ కూర్చుంటే, చనిపోయిన మనిషి ఫొటో ముందు కూర్చున్నట్టుండేది.

వాసన పోతే రుచి కూడా పోతుందని అప్పుడే తెలిసింది. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది. వంకాయకూ దొండకాయకూ తేడా మాత్రం తెలియదు. అన్నీ ఉడికిన మెత్తటి ముద్దలే. పాలు విరిగాయో లేదో తెలియదు. నా ఒంటికి చెమట వాసన వస్తుందేమోనని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం స్నానం చేసేదాన్ని. మా పాప బడి నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే, దాని జుట్టులో ముఖం పెట్టి వెతుక్కునేదాన్ని.

కొట్టు మూసేద్దామనుకున్నాను. ముక్కు లేని మనిషి వంట ఏం చేస్తుంది? ఆ మాటే అత్తమ్మతో అన్నాను.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెది పెనుబల్లి వైపు రైతు కుటుంబం. నేను కర్రీ పాయింట్ పెడతానన్నప్పుడు ఆమెకు అస్సలు నచ్చలేదు. “ఇంటికొచ్చినోళ్లకు పెట్టాలె గాని, కూరను తూకమేసి అమ్ముడేంది?” అంది. కొట్టు పెట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. వెనక ఇంట్లోనే ఉండేది, ముందు వైపు చూసేది కాదు. నేను వండింది కూడా పెద్దగా మెచ్చుకునేది కాదు. ఉప్పు సరిపోతే మాట్లాడదు, సరిపోకపోతే మాట్లాడుతుంది.

కొట్టు మూసేస్తానన్న మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగించేసరికి, ఆమె తలస్నానం చేసిన తడి జుట్టుతో కొట్టులోకి వచ్చి ప్లాస్టిక్ స్టూలు పొయ్యి దగ్గరికి జరుపుకుంది.

“నేనిక్కడ కూసుంట. నువ్వు వండు.”

అంతే. ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. పోపు ఎప్పుడు దించాలో, మసాలా పచ్చివాసన ఎప్పుడు పోయిందో ఆమె చెప్పేది. “ఇంకా కాలేదు, ఆగు. ఆగు. ఇగో ఇప్పుడు దించు.” మొదట్లో అంతవరకే చెప్పేది. తర్వాత్తర్వాత, నేను అడక్కుండానే, వాసనలు వర్ణించి చెప్పడం మొదలుపెట్టింది. “ఇయ్యాల మునక్కాయలు మస్తు లేతయి. వాన పడ్డ ఆకు లెక్క వాసనొస్తున్నయి.” “ఈ చింతపండు పాతది, గోతాం వాసన కొడ్తంది, చారులోకి వద్దు.” తక్కువ మాట్లాడే మనిషి. అలాంటిది నా కోసం మాటలు వెతుక్కునేది. ఆమె చెబుతుంటే నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. వంట పోలేదు, కొట్టు మూతపడలేదు. కూరలు కొనేవాళ్లెవరికీ ఏ తేడా తెలియలేదు.

ఇలా ఏడాది దాటింది.

మా తమ్ముడు హైదరాబాద్‌లో, అక్కడికక్కడే బీరు తయారుచేసి అమ్మే చోట ఉద్యోగం చేస్తాడు. డిగ్రీలో సూక్ష్మజీవుల శాస్త్రం చదివాడు. ఆ చదువుతో ఏదైనా ల్యాబ్‌లో చేరతాడనుకుంటే, బార్లీ నానబెట్టి పులియబెట్టే పనిలో కుదురుకున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒక్కటే. “వాసన ఏమన్న వచ్చిందా అక్కా?” లేదంటే వేరే మాటలోకి పోయేవాడు.

వానాకాలంలో ఒక ఆదివారం సెలవు పెట్టుకుని వచ్చాడు. రెండు రోజులుగా ముసురు. ఆదివారం కొట్టు తెరవను. మా ఆయన లైన్‌మన్. ఎక్కడో తీగ తెగిందని ఫోన్ వస్తే రెయిన్‌కోటు వేసుకుని పోయాడు. పాప ట్యూషన్‌కు పోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ, నేను, తమ్ముడు వరండాలో కూర్చున్నాం. వాడు బ్యాగులోంచి లుంగీలో చుట్టిన సీసా ఒకటి తీశాడు. మూతి మీద మైనం కరిగించి పోసి ఉంది.

“ఇది మేం చేసిందే అక్కా. బ్రౌన్ ఏల్ అంటరు. మామూలు బీరు కంటే మస్తు గట్టిది. విస్కీ పోసి ఖాళీ చేసిన చెక్క పీపాలో నెలల తరబడి ఉంచినం. సర్లే గాని, ఒక గుక్క తాగి చూడు.”

“నాకేం తెలుస్తదిరా? నీళ్లయినా ఒకటే, అదైనా ఒకటే.”

“తెలియకపోతే పోనీ. నేను చేసింది నువ్వు తాగాలె, గంతే.”

మా వైపు ఆడవాళ్లు కల్లు ముట్టడం వింతేమీ కాదు. అత్తమ్మ కూడా పండక్కి ఒక ముంత తాగుతుంది. ఆమె సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఫ్రిజ్జులో పెట్టవా నాయనా?” అని అడిగింది. చల్లగా ఉంటే దీని గుణం బయటికి రాదని వాడు చెప్పాడు.

వేరే గ్లాసులు లేక చాయ్ గ్లాసుల్లోనే పోశాడు. రంగు చిక్కటి బెల్లం పాకంలా ఉంది. పైన నురుగు కూడా తెల్లగా లేదు, పాలు తక్కువ పోసిన చాయ్ రంగులో ఉంది. గటగటా తాగొద్దని, కొంచెం నోట్లో పట్టి ఉంచి మింగమని చెప్పాడు.

మొదటి గుక్కకు నాలుక మీద చిన్నగా చురుక్కుమంది. తీపి, దాని వెనక చేదు. మింగాక అల్లం కషాయం తాగినట్టు గొంతు నుంచి ఛాతీ దాకా వెచ్చగా దిగింది. అంతకుమించి ఏం లేదు. తమ్ముడు మాత్రం తన గ్లాసులో ముక్కు పెట్టి చెబుతున్నాడు. వేయించిన బార్లీ అట, ఖర్జూరమట, కాల్చిన చెక్క అట. అత్తమ్మ పరీక్షగా ఒక గుక్క తాగి, “చేదు కూడా తియ్యగనే ఉందే,” అంది. నేను తలూపాను. ఎదుటివాళ్లు వాసన గురించి మాట్లాడితే తలూపడం అప్పటికి అలవాటైపోయింది.

తర్వాత మాటల్లో పడ్డాం. వాడి పెళ్లి మాట వచ్చింది, వాడు దాటేశాడు. గ్లాసు నా రెండు చేతుల మధ్య ఉండి ఉండి వెచ్చబడింది. ఏదో మాటకు నవ్వుతూ ఇంకో గుక్క తాగి, ముక్కులోంచి గాలి వదిలాను. ఆ గాలితో పాటు ఏదో కదిలింది. ఏమిటో తెలియలేదు. భ్రమ అనుకున్నాను. ఇలాంటి భ్రమలు అంతకుముందు చాలా పడ్డాను. ఇంకో గుక్క నోట్లో పట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా మింగి గాలి వదిలాను.

ఇప్పపువ్వు.

మా పుట్టిల్లు అడవి అంచు ఊరు. ఎండాకాలం మొదట్లో అమ్మ, కోయగూడెం ఆడవాళ్లతో కలిసి, ఇంకా తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి పోయేది. ఏరుకొచ్చిన పూలు వాకిట్లో చాపల మీద ఆరబోసేది. తెల్లగా, నీళ్లతో నిండుగా ఉన్న పూలు ఎండకు ముడుచుకుని ఎర్రగా, కిస్‌మిస్‌లలాగా అయ్యేవి. ఆ రోజుల్లో ఇల్లంతా ఒక బరువైన తీపి వాసన. కాచిన బెల్లానికి కాస్త పులుపు, కాస్త మట్టి కలిసినట్టుండేది. బడికి పోయినా బట్టలకు అంటుకుని వచ్చేది. అమ్మ పోయాక ఆ వాకిట్లో ఎవరూ పూలు ఆరబోయలేదు. నేనూ వాటిని తలుచుకున్నది లేదు.

“ఇప్పపువ్వు,” అన్నాను పైకి.

తమ్ముడు నా వైపు చూశాడు. వెంటనే తన గ్లాసు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. వాడి ముఖం మారిపోయింది.

“అవ్ అక్కా,” అన్నాడు మెల్లగా. “ఇన్ని రోజులు ఖర్జూరం, ఖర్జూరం అనుకుంట ఉన్న. ఇది అమ్మ ఆరబోసిన పువ్వే.”

“ఏంది, ఏమయ్యింది?” అని అత్తమ్మ అడిగింది.

“వాసన వస్తంది అత్తమ్మా.”

ఆమె వెంటనే నమ్మలేదు. “తాగినందుకు గట్ల అనిపిస్తందేమో,” అంటూ లేచి వంటింట్లోకి పోయింది. చేతిలో ఏవేవో పట్టుకొచ్చి, నన్ను కళ్లు మూసుకోమంది. ముక్కు కింద ఒకటి పెట్టింది. ఏమీ తెలియలేదు. తర్వాత అది కొత్తిమీర అని చెప్పింది. ఇంకొకటి పెట్టింది. చాలా దూరంగా, ఏదో కాలినట్టు. “కాఫీ పొడి,” అన్నాను. తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడని కళ్లు మూసుకున్నా తెలుస్తోంది. మూడోది పెట్టింది. ఈసారి వాసన ఉంది. కాని అది ఒకే వస్తువు వాసనలా లేదు. వెల్లుల్లి ఉంది, పసుపు ఉంది, వాటి కింద తమలపాకు.

“అత్తమ్మా, ఇది నీ చెయ్యి.”

కళ్లు తెరిచాను. ఆమె వేళ్ల మధ్య లవంగం ఉంది. దాని వాసన నాకు అందలేదు, దాన్ని పట్టుకున్న చేతి వాసన అందింది. ఆమె చేయి వెనక్కి లాక్కుని, సిగ్గుపడ్డట్టుగా, చీర కొంగుకు తుడుచుకుంది. నేను ఆ చేయి పట్టుకుని మళ్లీ ముఖానికి ఆనించుకున్నాను. ఆమె వద్దనలేదు. ఇంకో చేత్తో నా తల మీద నిమిరింది. పెళ్లయ్యాక ఆమె అలా నిమరడం అదే మొదలు.

తమ్ముడు వాన చూస్తున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

మా ఆయనకని కొంచెం మిగిల్చి ఉంచాం. తడిసి ముద్దై వచ్చి, నిలబడే తాగేశాడు. “దగ్గు మందు లెక్కుంది,” అన్నాడు. ఆ తర్వాత సంగతి చెబితే, తడిబట్టలతోనే కుర్చీలో కూలబడి, ఖాళీ గ్లాసు కేసి చాలాసేపు చూశాడు.

ఆ బీరే నా ముక్కును తెచ్చిచ్చిందని నేననను. డాక్టర్‌ను అడిగితే, నరాలు వాటంతట అవి పెరుగుతూ వచ్చి ఉంటాయని, ఆ రోజుకు తెలియడం మొదలైందని చెప్పాడు. కావచ్చు. తమ్ముడు మాత్రం తనే వైద్యం చేసినట్టు ఇప్పటికీ కాలరెగరేస్తాడు. ఎగరేయనీ. అక్క కోసం అంత దూరం నుంచి సీసాను లుంగీలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినవాడికి ఆ మాత్రం హక్కుంది.

వాసనలన్నీ ఒకేసారి రాలేదు. ఒక్కొక్కటిగా, తమ ఇష్టమొచ్చినట్టు వచ్చాయి. పాప జుట్టు వాసన దసరా సెలవుల్లో వచ్చింది. ఆ రోజు దాన్ని చాలాసేపు వదల్లేదు, అది విసుక్కుంది. లవంగం చలికాలంలో వచ్చింది. కొత్తిమీర కూడా వచ్చింది గాని, ఇప్పటికీ సబ్బు వాసనే కొడుతుంది. అది అలాగే ఉండిపోతుందేమో. అత్తమ్మ కొట్టుకు రావడం మానలేదు. బ్యాంకు పిల్లలు అమ్మమ్మా అని పిలుస్తుంటే ఆమెకు పొద్దు తెలియడం లేదట.

మొన్న ఇద్దరం సత్తుపల్లి నుంచి బస్సులో వస్తున్నాం. ఎండాకాలం, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ముందు పామాయిల్ గెలల లోడుతో లారీ పోతోంది. ఎప్పుడు కోసిన గెలలో ఏమో, పులిసి, కుళ్లి, ఆ కంపు బస్సంతా నిండింది. జనం కొంగులు, కర్చీఫులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. “జల్దీ దాటించవయ్యా,” అని వెనక నుంచి ఎవరో డ్రైవర్‌ను తిట్టారు. అత్తమ్మ కూడా కొంగు ముఖానికి కప్పుకుంది. నేను కిటికీ వైపు ఇంకొంచెం జరిగి, లారీ మలుపు తిరిగేదాకా ఆ గాలిని గుండెల నిండా పీల్చుకుంటూ కూర్చున్నాను.