అయ్యవారి వెనక పది అడుగుల దూరంలో

మొన్న మంగళవారం పొద్దున ఉదయగిరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఈ కబురు చెప్పడానికని చేసిన ఫోన్ కాదది, మేడ మీద రేకులు వేయించిన సంగతీ, ఈ ఏడు కూడా వానలు మొహం చాటేసిన సంగతీ, మనవరాలికి కాలేజీలో సీటొచ్చిన సంగతీ అన్నీ ఏకరువు పెట్టి, ఇక పెట్టేస్తాడనగా, "అన్నట్టు అక్కా, మీ లెక్కల అయివారు పోయినాడంట, ఆత్మకూరులో. దినాలు కూడా అయిపోయినాయంట" అన్నాడు. ఆ పూట అన్నం వండుకున్నాను గాని తినలేదు. నెల్లూరులో ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి, ఎందుకు తినలేదని అడిగేవాళ్ళూ లేరు.

నా ఈడు ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు గాని, తరువాతి వాళ్ళకు చెబితే నమ్మరు. మేము మా ఊరు ఉదయగిరి హైస్కూల్లో చదివే రోజుల్లో ఆడపిల్ల తనంతట తాను క్లాసులోకి పోకూడదు. అయ్యవారు ముందు పోవాలి, ఆయన వెనక పది అడుగుల దూరంలో ఆడపిల్ల పోవాలి. ఆయన కుర్చీలో కూర్చున్నాక పక్కగా, గోడవైపు తిప్పి వేసిన బెంచీ మీద తాను కూర్చోవాలి. గంట కొట్టి ఆయన బయటికి వస్తే మళ్ళీ ఆయన వెనకే వచ్చేసి, ఆఫీసు పక్కనుండే గదిలో కూర్చోవాలి. తరువాతి పీరియడు అయ్యవారు ఆ దారినే పోతూ పిలుచుకొని పోతే పోవాలి, లేకపోతే లేదు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా మీరిన వాళ్ళు లేరు.

నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, చేరినప్పుడు మేము ముగ్గురం. ఏడాది తిరక్కముందే ఒకదానికి వరికుంటపాడు సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. రెండోది పెద్దమనిషి కాగానే వాళ్ళమ్మ మాన్పించేసింది. ఐదో ఫారం, ఆరో ఫారం రెండేళ్ళూ అంత పెద్ద బడిలో ఆడపిల్లనంటూ నేనొక్కదాన్నే మిగిలాను. ఆఫీసు పక్క గదిలో చుట్టలు చుట్టి పెట్టిన మ్యాపులు, మూతపోయిన సుద్దముక్కల పెట్టెలు, డ్రిల్లు కర్రలు ఉండేవి; వాటితోపాటు నేను. కిటికీలోంచి చూస్తే దుర్గం కొండ కనిపించేది, వానాకాలమైతే దాని మీద నుంచి దూకే నీటి ధార తెల్లగా కనిపించేది. పొద్దున పది గంటల నుంచి సాయంకాలం దాకా నాతో ఒక్క మాట మాట్లాడే మనిషి లేకుండా గడిచిన రోజులు ఎన్నో ఉన్నాయి. తెలుగు పండితులకు నేనున్న సంగతే గుర్తుండేది కాదు. ఆయన తన ధోరణిలో పద్యం పాడుకుంటూ ముందుకు సాగిపోతే నేను ఆ గంటంతా క్లాసు వైపు గోడకు చెవి ఆనించి పాఠం వినేదాన్ని. నా తెలుగు ఇట్లా తగలడిందంటే సగం తప్పు ఆ గోడదే.

లెక్కల అయ్యవారు మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేడో ఇరవయ్యెనిమిదో ఉంటాయి, సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర అతుకులు పడిన చొక్కాతో ఉండేవారు. గడప అవతల ఆగి, లోపలికి చూడకుండా, గొంతు సవరించుకొని "పదమ్మా" అనేవారు. నేను లేచి వచ్చిందాకా కదిలేవారు కాదు. నిజం చెప్పాలంటే ఆయన మొహం కంటే వీపు నాకు బాగా తెలుసు. ఎడమ భుజం కొంచెం దిగి ఉండేది, నడుస్తూంటే చెప్పుల వార్లు కిర్రుమనేవి.

ఆయన ఇంకొక పని కూడా చేసేవారు. క్లాసు అయ్యాక నన్ను మళ్ళీ ఆ గది దగ్గర వదిలి పోయేటప్పుడు, ఒక చిన్న కాగితం ముక్క మీద ఒక లెక్క రాసి గడప పక్క స్టూలు మీద పెట్టి పోయేవారు. చేతికి ఇచ్చేవారు కాదు, ఇయ్యకూడదు. మరుసటి రోజు నేను చేసిన కాగితం అదే స్టూలు మీద పెడితే తీసుకొని, తప్పుంటే గీత గీసి, ఒప్పయితే ఏమీ రాయకుండా వెనక్కి పెట్టేవారు. మగపిల్లలకు ఇచ్చే లెక్కల కంటే అవి కష్టంగా ఉండేవి. ఒక్కొక్కటి రెండు మూడు పీరియళ్ళు పట్టేది, అందుకే ఇస్తున్నారని నాకు చాలా రోజులకు అర్థమైంది. తోడుకు మనిషిని ఇవ్వలేక లెక్కనిచ్చిపోయేవారు మహానుభావుడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవికి మా ఎస్సెల్సీ పరీక్షలు. పరీక్ష మా ఊళ్ళో కాదు, ఆత్మకూరులో రాయాలన్నారు. అప్పటికే మా ఇంట్లో అవ్వ నాకు పెళ్ళి చేసెయ్యమని నాయన చెవిలో ఇల్లు కట్టుకొని పోరుతోంది. కొండాపురం నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది, వాళ్ళకూ మాలాగే పప్పూ బెల్లం వ్యాపారమే. పిల్లవాడు మంచివాడే అయి ఉండవచ్చు, నేనెప్పుడూ చూడలేదు. "ఏందిమే, నువ్వు లెక్కలు జేసి ఎవురిని ఉద్ధరించాల?" అనేది అవ్వ, నేను పలక పట్టుకున్నా, పుస్తకం పట్టుకున్నా. నాయన అటూ చెప్పడు, ఇటూ చెప్పడు. నాకేమో నెల్లూరులో టీచరు ట్రైనింగు చదవాలని. పైకి ఎవరికీ చెప్పలేదు; చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

ఒకనాడు లెక్కల అయ్యవారు మా కొట్టుకొచ్చి, గోతాల పక్కన నిలబడే, నన్ను పరీక్షకు పంపమనీ, ఆ తరువాత టీచరు ట్రైనింగు చదివించమనీ నాయనతో మాట్లాడారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా వెంట వస్తాది, నా వెంటనే మళ్ళా ఇంటికొస్తాది. ఆత్మకూరులో మా అక్క ఇంట్లో పడుకుంటాది. ఇంకేంది మీకు భయం?" అన్నారు. నాయన తక్కెడలోని రాళ్ళు తీసి పక్కన పెట్టి, ఒక మాట అన్నాడు. పరీక్ష ఒక్కసారే. గట్టెక్కితే ట్రైనింగుకు పంపిస్తాడు. ఒక్క సబ్జెక్టు తప్పినా మళ్ళీ సెప్టెంబరు పరీక్ష అనే మాట ఎత్తకూడదు, కొండాపురం వాళ్ళకు తాంబూలాలు ఇచ్చేస్తాడు. లోపల తలుపు వెనక నిలబడి నేను విన్నాను. నా బతుకంతా ఆ ఒక్క వారం మీద వేలాడుతోందని నాకు ఆ పూటే తెలిసిపోయింది.

మొదటి రోజు ఇంగ్లీషు, నాకు భయమున్నదల్లా అదే. అక్కయ్యగారు, అంటే అయ్యవారి అక్క, పొద్దున్నే పెరుగన్నం పెట్టారు. అయ్యవారు ముందు, నేను వెనక, ఆత్మకూరు బజారు దాటి పరీక్షలు పెట్టే బడికి పోయాం. గేటు దగ్గర ఆయన్ను ఆపేశారు. పిల్లల సొంత అయ్యవార్లు లోపలికి రాకూడదట. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు, నాకు చెప్పాలని తోచలేదు. నేను సిరాబుడ్డీ కలమూ పట్టుకొని వసారాలోకి పోయి, నా నంబరున్న గది గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకొని నిలబడ్డాను. లోపల నిండా మగపిల్లలు, ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో. గంట కొట్టారు. కాపలా అయ్యవారు వస్తారు, ఆయన వెనక పోదామని చూస్తున్నాను. ఆయనేమో అవతలి తలుపు నుంచి ముందే లోపలికి పోయి కాగితాలు పంచేస్తున్నారు. నేను చూస్తూనే నిలబడ్డాను. నవ్వుకోండి, ఫరవాలేదు, నాకూ ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా నేను మగపిల్లలున్న గదిలోకి ముందుగా అడుగు పెట్టి ఎరగను. ఎవరో ఒకరు వచ్చి "పదమ్మా" అంటారనే అనుకున్నాను. బంట్రోతు నన్ను చూసి కూడా చూడనట్టే పోయాడు. తమ్ముడికో అన్నకో తోడొచ్చాననుకున్నాడేమో.

పావుగంట దాటింది. ఇరవై నిమిషాలు కావస్తోంది. అరగంట దాటితే ఇక లోపలికి రానివ్వరు. అప్పుడు గేటు దగ్గర నుంచి ఒక కేక వినిపించింది. "ఏంది నిలబడుకున్నావు! లోపలికి పో!" ఆ గొంతు అయ్యవారిదని నేను వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆయన గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. ఎక్కడికో పోయి అప్పుడే తిరిగొచ్చి నన్ను చూసినట్టుంది, గేటు కమ్ములు పట్టుకొని, మొహమంతా ఎర్రబడి, మళ్ళీ అదే మాట అరిచారు. గడప దాటాను. గదిలోని మొహాలన్నీ నావైపు తిరిగాయి. నా నంబరు ఎక్కడుందో నేనే వెతుక్కొని కూర్చొని, రాయడం మొదలుపెట్టాను. చివరి రెండు ప్రశ్నలకు సమయం చాలలేదు.

ఆ సాయంకాలం అయ్యవారు అరుగు మీద కూర్చొని అన్నానికి లేవలేదు. నేను లోపల ఉన్నాను. నాతో నేరుగా చెప్పే అలవాటు లేదు గనక, నాకు వినిపించేట్టు వాళ్ళక్కతో చెప్పారు. "తప్పు ఆ పిల్లది కాదక్కా. మూడేళ్ళు నేను ముందు నడిచినాను. నా వెనక రావడం నేర్పినాను గాని, ఒక్కతే పోవడం నేర్పలేదు. ఆ పిల్ల పరీక్ష తప్పితే ఆ తప్పు నాది." నేను తలుపు వెనక నిలబడి ఏడ్చాను, ఆయన మీద జాలితో కాదు, పొద్దున అంతమందిలో అట్లా అరిచినందుకు. పదహారేళ్ళ పిల్లకు అంతకంటే బుద్ధి ఎక్కడుంటుంది?

మరునాడు పొద్దున ఆయన గుమ్మం దిగి పక్కకు తప్పుకొని, "నువ్వు ముందు నడువు" అన్నారు. బజారులో మగాళ్ళంతా చూస్తుండగా ముందు నడవడం నాకు అదే మొదలు. ఒక సందు దగ్గర దారి తప్పి కుడికి తిరిగాను. ఆయనకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ఒకామెను అడిగి వెనక్కి వచ్చాను. మూడో రోజు లెక్కల పరీక్ష. సగం దారిలో వెనక చెప్పుల చప్పుడు వినిపించక తిరిగి చూస్తే ఆయన లేరు. దూరంగా టీ అంగడి ముందు, నాకు వీపు పెట్టి, గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఒక్కసారి తిరిగి చూడొచ్చు కదా అనుకున్నాను. తిరగలేదు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నడివీధిలో వదిలేశారని ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఉండిపోయింది, ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ కోపంతోనే విసవిసా పోయి, ఎవరి కోసమూ చూడకుండా గదిలోకి పోయి కూర్చొని, ఉన్న లెక్కలన్నీ చేసేశాను.

ఇంగ్లీషు గట్టెక్కింది, అంచు మీద గట్టెక్కింది. నాయన మాట తప్పలేదు. ట్రైనింగు అయ్యింది, ఉద్యోగం వచ్చింది. సీతారామపురం మొదలుకొని బస్సు రోజుకొక్కసారి వచ్చే ఊళ్ళలో ఎన్నో ఏళ్ళు బడిపంతులమ్మగా బతికాను. మధ్యలో పెళ్ళి, నెల్లూరులో ఇల్లు, మా ఆయన పోవడం అన్నీ జరిగాయి. పిల్లలు కలగలేదు. అయ్యవారు రిటైరై ఆత్మకూరులో కొడుకు దగ్గర ఉన్నారని తెలుసు. నెల్లూరు నుంచి గంటన్నర ప్రయాణం. చూసి రావాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటూ వచ్చాను. మా మరిది కొడుకు కారులో తీసుకుపోతానన్నాడు, వాడికి ఆదివారం తీరదు. పక్కింటావిడ వస్తానంది, ఆవిడ కోడలికి నెలలు నిండాయి. మోకాళ్ళ నొప్పులు, ఎండలు, ఈ వయసులో ఒక్కదాన్నే ఎట్లా పోయేది, ఎవరైనా తోడొస్తే పోదాం, ఇట్లా అనుకుంటూనే ఉన్నాను. ఒకసారి ఆయనే ఎవరితోనో అడిగించారు, ఆ పిల్ల కనపడకుండా పోయిందేమని. వస్తానని చెప్పండన్నాను. ఆ మాట అని ఆరేళ్ళయింది.

తమ్ముడు ఫోన్ చేసిన మరునాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు పోయి ఆత్మకూరు బస్సు ఎక్కాను. ఎక్కడం అంత తేలిక. అదే నన్ను దారి పొడుగునా ఏడిపించింది. ఆత్మకూరులో దిగితే నాకు తెలిసిన బజారు ఏదీ లేదు, సెల్‌ఫోన్ల అంగళ్ళు, ఆటోలు. బడి వదిలే వేళ కాదుగాని, ఏదో పరీక్ష అయి వస్తున్నట్టుంది, ఆడపిల్లలు గుంపులు గుంపులుగా సైకిళ్ళ మీద, రోడ్డు సగం వాళ్ళే ఆక్రమించి గట్టిగా మాట్లాడుకుంటూ పోతున్నారు. వెనక నుంచి వచ్చే మగపిల్లలే పక్కకు తప్పుకొని దారిస్తున్నారు. వాళ్ళలో ఒకదాన్ని ఆపి దారి అడిగాను. పేరు చెబితే తెలియదంది, లెక్కల అయ్యవారంటే కూడా తెలియదంది. ఇద్దరు ముగ్గురిని అడిగాక ఒక ముసలాయన చూపించాడు.

అయ్యవారి కోడలు తలుపు తీసింది. నేనెవరో చెప్పాను. లోపలికి రమ్మని, కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది. గోడకు ఆయన పటం పెట్టి దండ వేశారు. ఆ పటంలో మొహం నాకు అంతగా తెలిసిన మొహం కాదు, ముసలివారు ఎవరో. ఆ అమ్మాయి గుమ్మం బయటికి ఒకసారి తొంగి చూసి, ఎవరూ కనపడక, "ఎవరితో వచ్చినారు పెద్దమ్మా?" అని అడిగింది.

"ఒక్కదాన్నే వచ్చినానమ్మా" అన్నాను.

"అయ్యో, ఇంత వయసులో ఒక్కరే ఎట్లా వచ్చినారు, ఎవరినైనా తోడు తెచ్చుకోవాల్సింది" అని నొచ్చుకొంది. మంచి పిల్ల. నా కోసం కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఒక్కదాన్నే వచ్చానన్న మాట విని నొచ్చుకోకుండా సంతోషించే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉండేవారు. ఆయన బతికుండగా ఆరేళ్ళలో ఏ పొద్దైనా నేను ఆ బస్సు ఎక్కి ఉండవచ్చు.