కొత్తగూడెంలో హోల్డెమ్ నేర్చుకుని నేను చేసిన పని

ఈ ప్రయాణం గురించి రాయాలని ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను. బస్సులు, ఖర్చులు, భోజనం వరకూ సాఫీగా సాగుతుంది, ఆ తర్వాత వేళ్లు ఆగిపోతాయి. రాసిందంతా చెరిపేసి లేచిపోతాను. ఈసారి మాత్రం చివరిదాకా రాస్తున్నాను. చదివాక మీరు నన్ను ఏమనుకున్నా నాకు అభ్యంతరం లేదు, నేను అనుకున్నదాని కన్నా ఎక్కువేం అనుకోలేరు.

మేం ఐదుగురం స్నేహితులం. నెలకోసారి వైరా రిజర్వాయరు దగ్గర మాలో ఒకరి తోటలో కలుస్తాం. నలుగురూ చుట్టూ కూర్చుని టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట ఆడతారు. ఐదోవాడిని నేను, టీ పెడతాను, బజ్జీలు వేస్తాను. "నీకు రమ్మీయే సరిగ్గా రాదు, నీకెందుకురా ఇది" అని నవ్వుతారు. నలభై ఏళ్లొచ్చినా ఆ నవ్వుకు నా మొహం మాడిపోయేది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోవాలని చూశాను. అందులో వాళ్లు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఎదుటివాడితో ఏవేవో మాట్లాడి బోల్తా కొట్టించడం బాగా గుర్తుండిపోయింది, ఆట మాత్రం ఎక్కలేదు. మా ఆఫీసులో సుజాత గారు ఒకరోజు, "మా మేనమామ బెంజమిన్ గారికి హోల్డెమ్ బాగా వచ్చు. కొత్తగూడెంలో ప్రతి ఆదివారం ఆడతారు, చింతగింజలతో. కావాలంటే నేను చెప్తాను, వెళ్లి నేర్చుకోండి" అన్నారు. డబ్బు పెట్టి ఆడటం మన రాష్ట్రంలో నేరం కాబట్టి చింతగింజలన్న మాట విని నిశ్చింతగా బయలుదేరాను. పాఠం అయ్యాక అటునుంచి భద్రాచలం వెళ్లి, సోమవారం సెలవు పెట్టి పర్ణశాల వైపు అడవిదారి చూసి రావాలన్నది నా పథకం.

ఖమ్మం కొత్త బస్టాండులో ఉదయం ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ నూట ముప్పై దాకా అయింది. ఎడమ పక్క కిటికీ సీటు దొరికితే వదలకండి. వైరా దాటి తల్లాడలో పది నిమిషాలు ఆగుతుంది, టీ అక్కడే తాగేయండి. ఏన్కూరు, జూలూరుపాడు దాటుతుంటే పొలాలు తగ్గి రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలవుతుంది. ఎనిమిదిన్నరకు కొత్తగూడెంలో దిగాను. రైల్లో రావాలనుకునేవాళ్లు స్టేషను పేరు భద్రాచలం రోడ్ అని ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఆ పేరు చూసి గుడి పక్కనే దిగుతామనుకుని పిల్లాపాపలతో దిగేవాళ్లను నేను చూశాను. అక్కడి నుంచి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు.

చర్చి నుంచి పదకొండింటికి వస్తామని బెంజమిన్ గారు ముందే చెప్పారు. అంతవరకు ఒక బండి దగ్గర ఇడ్లీ తిని, ఊరు తిరిగి, ఆటోకు ముప్పై ఇచ్చి వాళ్ల ఇంటికి చేరాను. ఆయన బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. అంటే డ్యూటీ మొదలవగానే అందరికన్నా ముందు లోపలికి వెళ్లి, పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తుందా కూలుతుందా అని చెప్పే మనిషి. వరండాలో అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు కొమురయ్య, ఆయనతోనే బాయిలో పనిచేసినవారు. రెండోవారు యాకూబ్ భాయ్, గని కార్మికులకు ఖాకీలు కుట్టే దర్జీ. చూపు తగ్గిందని దుకాణం మూసేసి, మర్నాడే నిజామాబాదులో తమ్ముడి దగ్గరకు వెళ్లిపోతున్నారు. వాళ్లతో ఆయన కూర్చునే చివరి ఆదివారం అది.

"అందుకే ఇయ్యాల ఆట వేరే ఉంటది" అన్నారు బెంజమిన్ అంకుల్, మూత సొట్టపోయిన బిస్కెట్ల డబ్బా ఒకటి చూపిస్తూ. నిండా చింతగింజలు. "ప్రతి ఆదివారం గెలిచినోడు డబ్బా ఇంటికి తీస్కపోతడు, మళ్ల వారం తెస్తడు. ఇయ్యాల గెలిచినోనికి డబ్బా ఎప్పటికీ ఉంటది. మా యాకూబ్ ఇంటికి ఇది ఒక్కసారి గూడ పోలె, ఎర్కేనా?"

"పదహారేండ్ల సంది ఆడుతున్న బేటా. అందరి ఇండ్లు చూసింది, నా ఇల్లు ఒక్కటే చూడలె" అన్నారు యాకూబ్ భాయ్. నవ్వుతూనే అన్నారు కానీ కళ్లు డబ్బా మీదే ఉన్నాయి.

మొదటి గంట నాకు పాఠమే. పేకముక్కలను వాళ్లు పత్తాలంటారు. "రెండు పత్తాలు నీయి, ఎవలకు చూపియ్యవు. నడుమ ఐదు అందరియి. ముందుగాల మూడు తెరుస్త, తర్వాత ఒకటి, ఆఖరుకు ఇంకొకటి. మొత్తం ఏడిట్ల ఐదు మంచియి ఏరుకో. తెరిచినప్పుడల్లా గింజలు పెడ్తవా, పత్తాలు పారేస్తవా, అదే ఆట" అని అంకుల్ చెప్పారు. నెలలుగా వీడియోల్లో నాకు ఎక్కనిది మూడు చేతులు, అంటే మూడు పంపకాలు, ఆడేసరికి ఎక్కింది. ఒకే అంకె మూడు ముక్కలూ, ఇంకో అంకె రెండూ కలిస్తే ఫుల్‌హౌస్, దాన్ని కొట్టడం కష్టం. చేతిలో ఏమీ లేకున్నా ఉన్నట్టు గింజలు గుమ్మరించి ఎదుటివాడిని బెదరగొట్టడం బ్లఫ్. అది చెప్పాక అంకుల్ నా వైపు తిరిగారు.

"ఈ ఆటల మాకొక కాయిదా ఉన్నది. గింజలతోని ఎంతైనా బెదిరియ్యి. నోటితోని మాత్రం అబద్ధమాడొద్దు. బాయిల కప్పు కొట్టి 'మంచిగున్నది, రాండ్రి' అని నేనంటే ఇరవై మంది ఆ మాట మీద లోపలికొస్తుండె. నోరు అట్ల అలవాటైంది మాకు. పత్తాల కోసం దాన్ని పాడు చేసుకోం."

నేను తలూపాను. లోపల మాత్రం ముసలివాళ్ల చాదస్తమని నవ్వుకున్నాను.

ఒంటిగంటకు అంకుల్ భార్య బగారా అన్నం, కోడికూర వడ్డించారు. "మొహమాటపడకు నాయనా, వండిందే నీ కోసం" అని రెండోసారి వేశారు. తిన్నాక ఆట మళ్లీ మొదలైంది. కొత్తవాడి అదృష్టమంటారు చూడండి, అది నన్ను పట్టుకుంది. మూడున్నరకు కొమురయ్య గింజలన్నీ అయిపోయి పక్కకు జరిగారు. అంకుల్ తన గింజలు పక్కన పెట్టేసి, ముక్కలు పంచడానికి మాత్రం కూర్చున్నారు. మిగిలింది నేనూ, యాకూబ్ భాయ్. ఇద్దరి ముందూ కుప్పలు ఇంచుమించు సమానం.

ఆ చేతిలో నాకు వచ్చినవి కళావరు ఏడు, డైమను మూడు. నడుమ తెరిచినవి ఆసు, తొమ్మిది, నాలుగు, మళ్లీ తొమ్మిది, రెండు. నాకు పనికొచ్చేదేమీ లేదు. యాకూబ్ భాయ్ పెడుతూ వచ్చారు, నేనూ పంతానికి పెడుతూ వచ్చాను. ఆఖరు ముక్క తెరిచాక నా కుప్ప మొత్తం ముందుకు తోసేశాను. ఇంతవరకు నేను చేసిందాంట్లో తప్పేం లేదు, కొమురయ్య అయితే "శెబ్బాష్" అన్నారు కూడా.

యాకూబ్ భాయ్ తన ముక్కలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి నన్ను అడిగారు. "బేటా, నీ దగ్గర రెండు ఆసులున్నయా?"

"చెప్పాల్నని ఏం లేదు బాబూ. 'చెప్పను' అన్నా చాలు" అన్నారు కొమురయ్య.

నాకు తోటలో నలుగురి నవ్వు గుర్తొచ్చింది. డబ్బా పట్టుకుని వాళ్ల ముందు నిలబడ్డట్టు కనిపించింది. యాకూబ్ భాయ్ కళ్లలోకి చూసి, "ఉన్నాయి భాయ్" అన్నాను.

ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. తన రెండు ముక్కలు వెల్లకిలా పడేశారు. ఆసు, తొమ్మిది. మూడు తొమ్మిదులు, రెండు ఆసుల ఫుల్‌హౌస్. నా చేతిలో రెండు ఆసులుండి, నడుమ ఉన్నదానితో కలిసి మూడయితే తప్ప ఆయన ఓడే ముచ్చటే లేదు. "షుక్రియా బేటా. నిజం చెప్పినవ్. లేకుంటే ఉన్నదంత పెడుతుంటి, ఆఖరు రోజు అన్ని పోగొట్టుకుంటుంటి" అని నా భుజం తట్టారు. "నమాజు యాళ్లయింది, ఎక్కువ గింజలు నీయే, డబ్బా నీదే" అని మిగిలిన గింజలు కూడా తనే డబ్బాలో పోసి నా చేతిలో పెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. నా ముక్కలు బోర్లా తోసేశాను, ఎవరూ తిప్పి చూడలేదు. నా నోటి మాట ఉండగా వాళ్లకు చూడాల్సిన పని లేదు. యాకూబ్ భాయ్ నమాజుకు లేచి వెళ్లారు.

ఆట అవగానే యాభై రెండు ముక్కలూ రంగుల వారీగా పేర్చి లెక్కపెట్టి పెట్టెలో పెట్టడం బెంజమిన్ అంకుల్ అలవాటు. డ్యూటీ దిగాక దీపాలు లెక్కపెట్టి అందరూ పైకి వచ్చారో లేదో చూసుకున్నట్టేనట. ముందుగా పంచకుండా మిగిలిన కట్ట తీసుకుని పేరుస్తూ ఒకచోట ఆగారు. మళ్లీ పేర్చారు. నన్ను స్కూటరు మీద బస్టాండుకు దింపి, భద్రాచలం బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరకు వచ్చారు.

"ఆసులు రెండు పంచని కట్టలనే ఉన్నయ్ బాబూ" అన్నారు. "యాకూబ్‌కు నేను చెప్పను. నీ నోటితోని పోయింది, నీ నోటితోనే రావాలె."

పాల్వంచ, సారపాక మీదుగా గంటన్నర ప్రయాణం. దారి అందంగా ఉంటుందని అందరూ అంటారు, నాకేం కనబడలేదు. వంతెన మీద గోదావరి వచ్చినప్పుడు బస్సులో అందరూ చేతులు జోడించారు. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉన్న నాకు చేతులు లేవలేదు. మర్నాడు పర్ణశాలకు మాట్లాడుకున్న ఆటో ఉదయం ఆరింటికే లాడ్జి ముందుకు వచ్చింది. రానని చెబితే, "ఏంది సార్, గింత దూరం వచ్చి అడవి చూడకుండ పోతరా?" అన్నాడు డ్రైవరు. బయానా అతని దగ్గరే ఉండనిచ్చి కొత్తగూడేనికి దొరికిన మొదటి బస్సెక్కాను.

దారి అడుక్కుంటూ నేను వెళ్లేసరికి యాకూబ్ భాయ్ దుకాణం ముందు ట్రాలీ ఆటో ఉంది, కుట్టుమిషన్లు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. నిలబడే చెప్పేశాను. ఆసులు లేవని, ఏడూ మూడూ ఉన్నాయని, గెలుపు ఆయనదేనని. డబ్బా ముందుకు చాపాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆయన డబ్బా ముట్టుకోలేదు. "నేను పత్తాలు పారేసిన. పారేసినోడు గెలవడు. అది నీదే, ఉంచుకో" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ట్రాలీ ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగారు. "నిన్న నీకు షుక్రియా చెప్పిన గదా బేటా. అది వాపస్ తీసుకుంటున్న."

ట్రాలీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు నేను తోటలో టీ పెట్టడం లేదు, నలుగురితో కూర్చుని ఆడుతున్నాను. వాళ్ల కన్నా బాగానే ఆడతాననుకుంటాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వీడియోలు చూసి అంటున్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కానీ, నేను కడుక్కోవడానికి వెళ్లి కూడా కడుక్కోలేక వచ్చాను. ఆట మోసగించడమే కదా, అందులో సిగ్గెందుకని మీలో ఎవరైనా అనొచ్చు. గింజలు తోసినప్పుడు నాకు సిగ్గు వేయలేదు. ఆ మనిషి ఆట వదిలేసి నన్ను మనిషిగా ఒక మాట అడిగారు, సిగ్గంతా అక్కడే ఉంది.

మీరు కొత్తగూడెం వైపు వెళితే భద్రాచలానికి ప్రతి అరగంటకూ బస్సుంది, ముందుగా టికెట్ తీసుకోనక్కర్లేదు. ఎక్కడైనా ఎవరి ఇంట్లోనైనా హోల్డెమ్ నేర్చుకోవడానికి కూర్చుంటే మాత్రం ఒక్క జాగ్రత్త చెబుతాను. నీ దగ్గర ఏమున్నాయని ఎవరైనా అడిగితే "చెప్పను" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు.