పక్కింటావిడ ఊరి చర్చి

మొన్న ఆఫీస్‌లో లంచ్ చేస్తుంటే, వెకేషన్‌కి రొమేనియా వెళ్ళొచ్చిన కొలీగ్ ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. చిన్న పల్లెటూరు, మధ్యలో కోటగోడ, గోడ లోపల చర్చి. "ఐదారు వందల ఏళ్ళ నాటిదట. రూఫ్ భలే రిపేర్ చేశారు," అన్నాడు. కింద ఊరి పేరు చూసి ఫోన్ నా చేతిలోకి తీసుకున్నాను. నాలుగేళ్ళ కిందట పోయిన మా పక్కింటి పెద్దావిడ పుట్టిన ఊరది.

ఆ చర్చి కథలు ఆవిడే చెప్పేది. పూర్వం ఎవరైనా దండెత్తి వస్తే ఊరంతా పశువులతో సహా ఆ చర్చిలో చేరి తలుపులు వేసుకునేదట. గోడలోనే ఇంటికో గది, గింజలు దాచుకోవడానికి. ఒక బురుజులో అందరి పంది మాంసమూ ఇంటి ముద్రలతో వేలాడేదట. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరి ముక్క వాళ్ళు కోసుకెళ్ళేవారు. ఆవిడ ఉన్న రోజుల్లో, ఆర్నెల్లు ఉండడానికి అమెరికాలో మా రెడ్‌మండ్ ఇంటికి వచ్చిన అమ్మకి ఈ సంగతి చెబితే, "గుడిలో పంది మాంసమేమిటే!" అని చెంపలేసుకుంది. మాట అర్థం కాకపోయినా పక్కనే ఉన్న ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా ఆవకాయ కంచె దాటి వెళ్ళేది, ప్లమ్ జామ్ దాటి వచ్చేది.

ఆవిడ భర్త చనిపోయిన ఏడాది ఊరి నుంచి చర్చి గురించి ఉత్తరం వచ్చింది. అంతకు చాలా ఏళ్ళ ముందే, అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిపోయాక, ఒక్క వేసవిలో జర్మన్ మూలాలున్న ఆవిడ మనుషులంతా జర్మనీకి తరలిపోయారు. అప్పటికే పెళ్ళయి వచ్చేసిన ఆవిడ ఇక్కడ బేకరీలో పని చేసుకుంటోంది. సెలవు దొరక్క వాళ్ళకి వీడ్కోలు చెప్పడానికి కూడా వెళ్ళలేదు. ఉత్తరంలో ఉన్నదేమిటంటే, ఇప్పుడు చర్చిలో ప్రార్థనకి మనిషి లేడు, పైకప్పు కూలుతోంది. చర్చి సభ్యుల పుస్తకంలో పేర్లు మిగిలిన నలుగురూ సంతకం పెడితే పాత కట్టడాలు చూసుకునే సంస్థ దాన్ని తీసుకుని బాగు చేస్తుంది. ముగ్గురు పెట్టేశారు. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని నెలరోజులు ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంచింది.

ఒక శనివారం అమ్మనీ నన్నూ టీకి పిలిచింది. "సంతకం పెడితే అది టూరిస్టులది. పెట్టకపోతే నాదే, కానీ కూలిపోతుంది. నువ్వైతే ఏం చేస్తావు?" అని నన్నడిగింది. అమ్మకి చెబితే, "మనది కాకపోతేనేం, నిలబడి ఉండాలి గదే. పెట్టెయ్యమను," అంది. అదే ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని పుట్టింటి పేరుతో సంతకం పెట్టింది. ఏడుస్తుందేమోనని టిష్యూల డబ్బా దగ్గరికి జరిపాను. ఏడవలేదు. "ఏమీ అనిపించడం లేదు, అదే వింతగా ఉంది. టీ చల్లారింది, మళ్ళీ పెడతాను," అని లేచింది. కవర్ నేనే పోస్ట్ చేసి వచ్చాను. దారిలో నాకూ ఏమీ అనిపించలేదు. ఏడవడానికి కూడా ఒక సమయం ఉంటుంది కాబోలు; అది దాటిపోయాక వచ్చిన కబురుకి మనిషి టీ పెట్టుకుంటాడు, అంతే.