మంచులో తేలిన ఇంటూ గుర్తు

2022 డిసెంబరు. గుడివాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద నాకు టైర్ల షాపు ఉంది. రేకుల షెడ్డు, వెనక పంటకాలువ. కోతలయ్యాక పొగమంచు పట్టిందంటే పొద్దున ఎనిమిది దాటినా ఎదురొచ్చే లారీ కనపడదు. నా దగ్గరికి వచ్చేవి ట్రాక్టర్లు, ఆటోలు, చేపల వ్యాన్లు. రేసు కారుకి టైర్లు వేశానంటే తోటి షాపుల వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. వేసిన మాట నిజం, ఒకే ఒక్క కారుకి.

అది బందరు మురళి పాత ఫియట్. ఏటా దాన్ని లారీ ఎక్కించి మద్రాసు దగ్గరి ట్రాక్‌కి తీసుకెళ్లి పాతకార్ల రేసులో నడిపేవాడు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేవాడు. ఆ ఏడు వేసవిలో గుండెపోటుతో పోయాడు. అతని చెల్లెలు వసంత, కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, ఆ కారు తీసుకుని నా షాపుకొచ్చింది. వచ్చే నెల రేసులో అన్న బదులు తను నడుపుతుందట. అంతకుముందు రెండు రేసులు నడిపిన పిల్లే, చేతకాని మనిషి కాదు.

“బాబాయ్ గారూ, బాగా పట్టుండే ట్రాక్ టైర్లు తెప్పించండి. అన్నయ్య చేయించుకున్న వెడల్పు చక్రాలకే వేయాలి.”

వెడల్పు చక్రాలంటే, మామూలు ఇనుప చక్రాన్ని కోసి, మధ్యలో పట్టీ పెట్టి వెల్డింగ్ చేసినవి. వాటికి పెద్ద టైరు పడుతుంది. టైరు కాంపౌండ్, అంటే రబ్బరు మిశ్రమం, మెత్తగా ఉంటే రోడ్డుని బాగా పట్టుకుంటుంది. అయితే ఆ పట్టు పెరిగేకొద్దీ మలుపులో చక్రం మీద పడే ఒత్తిడీ పెరుగుతుంది. గట్టి టైరైతే కాస్త జారి ఆ ఒత్తిడి వదిలేస్తుంది. మెత్తటి టైరు వదలదు, భారమంతా ఇనుమే మొయ్యాలి. ముసలి కారుకి టైర్లు ఎంచేటప్పుడు చూడాల్సింది ఇదే. చెప్పాను.

“అన్నయ్య వీటి మీదే నడిపాడండీ,” అంది. సరేనని బెజవాడకి టైర్లు చెప్పాను.

మురళి వదిలి వెళ్లినవి స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలు. అన్నిటికీ ఒకే వెండిరంగు. వాటిలో ఒకటి సొట్టపోయింది కాబట్టి స్టెప్నీని ముందు ఎడమవైపుకి తీసుకున్నాను. ఆ ట్రాక్‌లో మలుపులు ఎక్కువ కుడికే, బరువంతా ఆ ఎడమ చక్రం మీదే పడుతుంది. తిప్పి చూస్తే వంకర లేదు. బెజవాడ నుంచి టైర్లు వచ్చేదాకా నాలుగింటినీ షెడ్డు బయట గోడకి ఆనించాను.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తబోతూ చూశాను. చక్రాలన్నీ మంచుకి తడిసి చెమటలు పట్టినట్టున్నాయి. స్టెప్నీ ముఖం మీద మాత్రం ఒక సున్నా, దాని మధ్యలో ఇంటూ గుర్తు. గీతల మీద ఒక్క నీటిబొట్టు లేదు. పనికిరాదని తీసేసిన చక్రానికి మేం పెట్టే గుర్తు అది. పక్క మెకానిక్ వేళాకోళం అనుకుని, తిట్టి, గుడ్డతో తుడిచేశాను.

రెండో రోజు మళ్లీ అక్కడే ఉంది. ఈసారి పెట్రోలుతో కడిగి, ముఖం గోడవైపు తిప్పి వెళ్లాను. మూడో రోజు పొద్దున ఇటు తిప్పి చూస్తే అదే సున్నా, అదే ఇంటూ. దాన్ని ముట్టుకోబుద్ధి కాక వసంతకి ఫోన్ చేశాను.

ఆమె వచ్చేసరికి మంచు ఇంకా విడలేదు. చక్రం దగ్గర వంగి చూసింది.

“రంగు కింద మైనంలాంటిదేదో ఉండి ఉంటుందండీ. అది ఉన్నచోట నీళ్లు నిలవవు,” అంది, పాఠం చెబుతున్నట్టే.

మురళికి ఆ చక్రాలకి రంగు వేసిన పెయింటరు భద్రానికి ఫోన్ కలిపాను.

“గాలి మిషన్‌తో ఇసక కొట్టించి, ఇనుము తెల్లగా తేలాకే రంగేశానండీ. దాని కింద ఏవీ ఉండదు, ఒట్టు,” అన్నాడు.

మేం చూస్తుండగానే ఎండ వచ్చి గుర్తు ఒక పక్కనుంచి మాసిపోయింది. ఇక ఆ చక్రం బిగించడానికి నాకు చేతులు రాలేదు. లోపలివైపు వెల్డింగ్ దగ్గర రంగు గీకి డై పెనెట్రెంట్ పరీక్ష చేశాను. ముందు ఎర్ర ద్రవం పూసి తుడిచేస్తాం, తర్వాత పైన తెల్లపొడి కొడతాం. పగులుంటే అందులో దాగిన ఎరుపు పైకి వస్తుంది. తెల్లటి పొడిలో జానెడు పొడవున ఎర్రగీత మెల్లగా ఊరుతూ వచ్చింది. వసంత అక్కడే టైరు మీద కూర్చుంది.

“అన్నయ్యే చెప్పాడు బాబాయ్ గారూ,” అని ఏడ్చింది. ఆ పూటకి నేనూ అలాగే నమ్మాను.

మర్నాడు ఆమె మురళి పాత ఫోన్ తెచ్చి ఒక ఫొటో చూపించింది. ఐదేళ్ల కిందటిది. నా షాపే. అదే చక్రం, రంగు వేయకముందు. దాని మీద పసుపుపచ్చ మైనం చాక్‌తో సున్నా, ఇంటూ. ఆ చాక్ నా చేతిలో ఉంది.

నా చూపుడువేలు జాకీ కింద నలిగినప్పట్నుంచి నేను గీసే ఇంటూలో రెండో గీత చివర కొక్కెంలా వంగుతుంది. మూడు పొద్దులు చూసి కూడా నా గీతని నేను పోల్చుకోలేదు. ఆ చక్రాన్ని వద్దన్నది నేనే. వద్దని గుర్తుపెట్టి మళ్లీ మురళి చేతికే ఇచ్చి, మర్చిపోయాను. మా వైపు పారేసే చక్రమంటూ ఉండదు, స్టెప్నీ అవుతుంది. తర్వాత దాని మీద రంగు పడింది. నాలుగు రోజులైతే నా చేత్తోనే దాన్ని ఆ పిల్ల కారుకి బిగించి పంపేవాణ్ణి.

“తప్పు నాదేనమ్మా,” అన్నాను.

“మరి ఇసక కొట్టాక కూడా గుర్తు ఎలా వచ్చిందండీ?”

“ఫిజిక్స్ చెప్పేది నువ్వు. నన్నడుగుతావేం?” అన్నాను. ఇద్దరం నవ్వబోయాం, నవ్వు రాలేదు.

కోయని మామూలు చక్రాలు, కాస్త గట్టి టైర్లు వేసి పంపాను. వసంత చివరినుంచి రెండోదిగా వచ్చింది. కారుతో తిరిగొచ్చి, నాలుగు టైర్లూ సమానంగా అరిగాయని చూపించి వెళ్లింది.

అప్పట్నుంచి పనికిరాని చక్రానికి గుర్తు పెట్టడం మానేశాను. ఓనరు ఎదుటే గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేస్తాను. గొడవ పడతారు, పడనీ. మొదట కోసింది మురళి స్టెప్నీనే. దాని ముఖం ఉన్న ముక్క ఇంకా ఆ గోడకే ఆనించి ఉంది. మంచు పట్టిన ప్రతి ఉదయం షట్టర్ ఎత్తేముందు దాన్ని చూస్తాను. ముక్క నిండా ఒకే తీరున నీటిబొట్లు పడుతున్నాయి. కోశాక ఆ గుర్తు మళ్లీ రాలేదు.