గీసినోడి మొదటి గుక్క

నా ముక్కు మీద నాకు కాస్త పొగరెక్కువ. విశాఖపట్నంలో ఊదుబత్తుల తయారీలో వాసన నూనెలు కలిపే పని నాది. ఇరవై ఏళ్లుగా ఈ ముక్కే నాకు అన్నం పెడుతోంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, "కల్లుదేముంది, ఎక్కడ తాగినా అదే పులుపు, అదే కంపు" అని నోరు జారాను. మా దగ్గర మూటలు మోసే సింహాచలం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు మనిషి. ముద్ద చేతిలోనే ఆపేసి నా వంక చూశాడు.

"అలగనకండి బాబూ. మా అప్పన్న మావ సెట్టు పేరు సెప్పి మరీ పోత్తాడు. ఒక్కో సెట్టుది ఒక్కో వాసన. ఎల్తే ఈ ఏడే ఎల్లండి. మావకి కిడ్నీలు పాడైపోనాయి. మరింక ఎన్నాళ్లు ఎక్కుతాడో తెలీదు."

ఒక్కో చెట్టుకి ఒక్కో వాసన అన్న మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మార్చి నెలలో ఒక శనివారం బయల్దేరాను. పల్లెల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అప్పన్నకి ఫోను లేదు కాబట్టి సింహాచలం ఎస్టీడీ బూతు నుంచి ఆ ఊరి కిరాణా కొట్టుకి కబురు పెట్టాడు.

మధ్యాహ్నం రెండున్నరకి భువనేశ్వర్ వైపు వెళ్లే బండి, జనరల్ పెట్టె. శ్రీకాకుళం రోడ్డు దాకా నిలబడే వెళ్లాను. ఆ తర్వాత పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన సంచీ జరిపి చోటిచ్చాడు. ఎక్కడికని అడిగితే, కల్లు రుచి చూడ్డానికని ఉన్నమాట చెప్పేశాను.

"ఏటండీ, విశాకపట్నంలో బ్రాందీ షాపులన్నీ మూసీసినారేటి?" అన్నాడాయన. పెట్టెలో సగం మంది నవ్వారు, నేనూ నవ్వాను. దిగేముందు ఆయనే ఒక మంచి సలహా ఇచ్చాడు. "తెల్లారగట్టే తాగీయండి. తొమ్మిది దాటితే అది కల్లు కాదు, తగువు." ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాట రాసిపెట్టుకోండి.

ఆరున్నరకి పలాసలో దిగాను. స్టేషన్ బయటికి రాగానే జీడిగింజలు కాల్చే పొగ ముక్కు పట్టేసింది. ఘాటైన నూనె వాసన, దాని వెనకాల కమ్మదనం. కాశీబుగ్గలో లాడ్జి గది నూట ఇరవై రూపాయలు, దోమలు ఉచితం. మెస్సులో చేపల పులుసుతో అన్నం తిని పెందలాడే పడుకున్నాను.

వజ్రపుకొత్తూరు వైపు మొదటి బస్సు ఐదుంబావుకి. ఖాళీ చేపల గంపతో ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఎవరింటికని అడిగి, పేరు చెప్పగానే నాలుక చప్పరించింది.

"గీత అప్పన్నా? పాపం, బంగారం లాంటి మడిసి. పెళ్లాం నీలమ్మ కాబట్టి కాసుకొత్తంది."

బస్సు దిగి కొబ్బరి తోటల మధ్య ఇసక దారిలో పావుగంట నడిచాను. జీడిమామిడి తోపు దాటగానే సముద్రం మోత వినబడింది. ఆరు గంటలకల్లా అప్పన్న ఎదురొచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయేమో, ఎండు కట్టెలాంటి మనిషి, పాదాలు మాత్రం పొంగి ఉన్నాయి. నడుముకి కత్తి, భుజాన మోకు. పొడుగు చెట్లన్నీ బావమరిదికి అప్పజెప్పేసి పొట్టివి ఆరు మాత్రం తను ఉంచుకున్నాడట. వెనకాలే భార్య నీలమ్మ, చంకలో లీటరు నీళ్ల సీసా.

ఆరు కుండలూ అప్పటికే దించి ఒక వరుసలో పెట్టి ఉన్నాయి. నేను ఆత్రంగా చెయ్యి చాపితే అప్పన్న నవ్వి ఆపాడు.

"ఆగండి బాబూ. గీసినోడు ముందు తాగాల. పట్నం కల్లులో ఏటేటో కలుపుతారంట కదా. ఇక్కడ గీసినోడు తాగకుండా ఎవులూ ముట్టుకోరు. మా అయ్య కాలం నుంచీ అంతే."

తాటాకు డొప్పలో పోసుకుని, చుక్క మిగలకుండా తాగాడు. అలా ఖాళీ చేస్తేనే లెక్క. అప్పుడు నాకు పోశాడు. ఆ పక్కన నీలమ్మ సీసా మూత తీసి, కాసిని నీళ్లు ఇసకలో ఒలకబోసింది. భూదేవికి వాటా కాబోలు, ఎంత చక్కని ఆచారం అనుకున్నాను.

మొదటిది సముద్రం ఒడ్డునున్న ఉప్పు తాడి. నోట్లో పడగానే లేత కొబ్బరి నీళ్లు, మింగాక నాలుక అంచున సన్నని ఉప్పదనం. రెండోది జీడితోట గట్టు మీదిది. మగ్గిన జీడిమామిడి పండు వాసన, గొంతులో చిన్న పట్టు. మూడోది గుడ్డి తాడి, పిడుగు పడి సగం మట్టలు మాడిపోయిన చెట్టు. పొంగిన ఇడ్లీ పిండి వాసన వేసింది, అడుగున ఏదో పొగ. నా ముక్కు ఊరుకోలేదు, అడిగేశాను.

"మీ ముక్కు మా కుక్క ముక్కు కన్నా మిన్న బాబూ! కుండ కడిగినాక గడ్డి పొగ పట్టిత్తాను. ఆ సంగతి అడిగినోడు మీరొక్కరే" అని అప్పన్న తొడ చరిచాడు. ఆయన మొహం చూస్తే నాకూ ఉత్సాహం పెరిగింది. నాలుగోదాని పేరు కోడలు. "ఇయ్యాల తీపి, రేపు పులుపు" అన్నాడు. "మరి అత్త సెట్టు ఒకటుండాలి కదేటి? అది మొదట్నుంచీ పులుపే" అని నీలమ్మ దెప్పింది. అయిదోది ముసలి తాడి. పనస తొన వాసన, ఆ తర్వాత తడిసిన ఇసక. నేనైతే ఊదుబత్తుల్లో ఇలాంటి కలయిక జన్మలో కుదర్చలేను.

ప్రతి కుండకీ ముందు అప్పన్న డొప్ప ఖాళీ చేశాడు. ప్రతిసారీ నీలమ్మ ఇసకలో నీళ్లు పోసింది. అయిదోసారి ఉండబట్టలేక, "భూదేవికి మొదటి వాటా పెడుతున్నావా అమ్మా, చాలా బాగుంది" అన్నాను.

"భూదేవా, నా తలకాయా!" అంది నీలమ్మ. సీసా ఎత్తి చూపించింది. అప్పటికి సగానికి వచ్చింది. "ఈ మడిసికి రోజుకి లీటరే నీల్లు. అన్నంలో చారు, టీ, మందు మింగే నీల్లు, అన్నీ అందులోనే రావాలన్నారు డాక్టరు బాబు. కల్లు ఎంత తాగితే అంత నీల్లు తీసీయాల. జబ్బొచ్చినకాడి నుంచీ అన్నీ ఒక కుండలో కలిపీసి ఒక్క డొప్ప తాగుతాడు. ఇయ్యాల మీరొత్తారని విడివిడిగా ఉంచీసినాడు. పొద్దున్నే సగం సీసా అయిపోనాది. రాత్రి దాకా ఏటి తాగుతాడు బాబూ?"

నోట్లో పనస తొన వాసన చేదెక్కింది. ఒక్కొక్క చెట్టు రుచికీ నేను ఒక మనిషి మంచినీళ్లు తాగేస్తున్నానన్నమాట. సింహాచలం జబ్బు సంగతి ముందే చెప్పాడు. కళ్ల ముందు పొంగిన పాదాలున్నాయి. అయినా ఇరవై ఏళ్ల ముక్కు గొప్పదనం చాటుకోవడంలో పడి అడగాల్సిన మాట అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఒలే, ఊరుకోయే" అన్నాడు అప్పన్న. "రెండేల్లైనాది, నా సెట్ల పేర్లు ఎవులైనా అడిగి. ఒక పూట దప్పికుంటే నానేటి సచ్చిపోను."

"సచ్చిపోతావు కాబట్టే సెప్తన్నాను" అంది నీలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

నాకు చాలని చెప్పి డొప్ప కింద పెట్టేశాను. ఈలోగా ఒడ్డుకి చేరిన పడవల నుంచి ఏడెనిమిది మంది మత్స్యకారులు తడి బట్టలతో వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఎర్రయ్య. అయిదు కుండల్లో మిగిలింది ఇట్టే ఖాళీ చేసి, ఆరోది తీయమన్నారు. వంకర తాడిది, ఇంకా మూత విప్పనిది. అప్పన్న అలవాటుగా డొప్ప అందుకున్నాడు. నేను లేచి అడ్డుపడ్డాను.

"నేను ముందు తాగుతానండీ. వాసన కనిపెట్టడం నా పని. ఏదైనా తేడా ఉంటే ఇట్టే చెప్పేస్తాను."

ఎర్రయ్య నవ్వాడు గానీ ఆ నవ్వులో వెటకారం లేదు. "నువ్వు తాగితే ఏటి లాభం బాబూ? బస్సెక్కీసి ఎల్లిపోతావు. తేడా వొత్తే రేపు మేమెవుల్ని అడగాల? గీసినోడైతే రేపూ ఇక్కడే ఉంటాడు."

అక్కడ నా ముక్కు విలువ ఎంతో అప్పుడు తెలిసింది. ఎవరూ కదల్లేదు. అప్పన్న తాగకపోతే వాళ్లు తాగరు. ఆయన బేరం నిలిచేదే ఆ డొప్ప మీద. తాగితే సీసాలో ఇంకొంచెం పోతుంది.

నీలమ్మ సీసా ఇసకలో నిలబెట్టింది. మొగుడి చేతిలోంచి డొప్ప లాక్కుంది. ఆ పల్లెలో ఆడవాళ్లు కల్లు పోస్తారు, అమ్ముతారు గానీ, నలుగురు మగాళ్ల ముందు డొప్ప ఎత్తడం లేదు. "నానూ రేపు ఇక్కడే ఉంటాను. ఎల్లుండీ ఉంటాను" అని గటగటా తాగేసింది. మొహం వికారంగా పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ డొప్ప బోర్లించి అందరికీ చూపించింది. తర్వాత సీసా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"నువ్వు ఇది తాగు."

అప్పన్న ఎర్రయ్య వంక చూశాడు. ఎర్రయ్య సముద్రం వైపు చూస్తూ గడ్డం గోక్కున్నాడు. ఒకతను లేచి లుంగీ దులుపుకుని వెళ్లిపోయాడు కూడా. చివరికి ఎర్రయ్య డొప్ప నీలమ్మ వైపు చాపాడు.

"పొయ్యమ్మా" అన్నాడు.

అప్పన్న సీసా ఎత్తి రెండు గుక్కలు నీళ్లు తాగాడు. కళ్లు మూసుకుని తాగాడు. మంచినీళ్లు అంత ఇష్టంగా తాగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

తొమ్మిదింటి బస్సుకి బయల్దేరాను. డబ్బులిస్తే అప్పన్న తీసుకోలేదు, నీలమ్మ తీసుకుంది. కాశీబుగ్గలో దిబ్బరొట్టె తిని, పదకొండున్నరకి విశాఖపట్నం బండి ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

వెళ్లాలనుకునేవాళ్లు మార్చిలో వెళ్లండి, మొదటి బస్సు పట్టుకోండి, ఆరు కుండలూ కలిపి పోసిందే అడగండి. బండి టెక్కలి వైపు సాగుతుంటే జేబులోంచి చిన్న పుస్తకం తీసి చెట్ల పేర్లు, వాటి రుచులు వరసగా రాసుకున్నాను. ఉప్పు తాడి, జీడితోట తాడి, గుడ్డి తాడి, కోడలు, ముసలి తాడి. వంకర తాడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. దాని రుచి నాకు తెలియదు. నీలమ్మ తాగి పోయడం మొదలెట్టాక ఆ కుండ నా వరకు రానేలేదు, పల్లెవాళ్లే చుక్క మిగల్చకుండా తాగేశారు.