కూలిన వంతెన దగ్గర నిలబడ్డ సువర్చల గారు

మొన్న ఉదయం ప్రార్థనకు పిల్లలు వరుసలు కడుతున్న వేళ ఆ దుర్వార్త చేరింది. గేదెల సువర్చల గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. ముందురోజు సాయంత్రం, హిందీ మాట్లాడే మా ఉక్కు పట్టణంలోని గోల్‌మురి బజారులో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి! వార్త విన్నాను గాని, మనస్సు అంగీకరించలేదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన కుటుంబం వారిది. ఈ ఊళ్ళోనే సిద్ధగోరాలో పుట్టి పెరిగి, మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించేవారు. నేను గణితం చెబుతాను. సైన్సు, లెక్కలు, సాంకేతికత, ఇంజినీరింగు నాలుగింటినీ ఒకే సమస్య చుట్టూ అల్లి నేర్పే తరగతిని ఆమె పట్టుబట్టి ఆరంభించారు. "వంతెన కట్టేవాడు లెక్కల పీరియడు అయిపోయిందని సుత్తి కింద పెట్టేయడు కదండీ" అనేవారు. సిలబస్ వెనకబడుతుందని తల్లిదండ్రులు ఫిర్యాదులు చేశారు. ఆమె చలించలేదు.

పాఠశాలకూ ఆటస్థలానికీ నడుమ ఒక లోతైన మురుగుకాలువ ఉంది. దానిపై కాలివంతెనకు ఎనిమిదో తరగతి పిల్లలే కొలతలు తీసి, నమూనా గీశారు. ఆదిత్యపూర్‌లోని చిన్న కార్ఖానా ఆ నమూనా ప్రకారం ఇనుము అతికి ఇచ్చింది.

ప్రారంభోత్సవం నాడు అతిథి కారు గేటు దాటింది. వంతెనపై నిలబడి పాడవలసిన చిన్నపిల్లలు సిద్ధంగా ఉన్నారు. అంతకు ముందే ఇసుక బస్తాలు వేసి వంతెనను పరీక్షించిన ఎనిమిదో తరగతి పిల్ల ప్రియాంక సువర్చల గారి దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, గడ్‌బడ్ హై. బస్తాలు తీసేసినా వంగింది వంగినట్టే ఉండిపోనాది."

"ఏటీ? మళ్ళీ కొలిసినావా?"

"కొలిసినాను మేడమ్. పైకి రావట్లేదు."

సువర్చల గారు వెళ్ళి వంతెన మొదట్లో చేతులు చాచి నిలుచున్నారు. ప్రధానోపాధ్యాయుడి ముఖం ఎర్రబడింది.

"మేడమ్, మెహమాన్ వచ్చేశారు. టెస్టింగ్ తర్వాత చూద్దాం. హటియే, పక్కకు తప్పుకోండి!"

"పిల్లల్ని ఎక్కనివ్వను సార్."

"అయితే రేపట్నుంచి ఈ క్లాస్ బంద్!"

"బంద్ చేసుకోండి. ముందు బస్తాలు వేయించండి."

అతిథి ఎదుటే, పాడబోయే పిల్లల బరువుకు సరిపడా బస్తాలు ఒక్కొక్కటే వేయించారు. చివరి బస్తాలు పడుతుండగా ఒక మూల అతుకు విడిపోయింది. వంతెన బస్తాలతో సహా కాలువలోకి కూలిపోయింది. ప్రధానోపాధ్యాయుడు వరుసలో ఉన్న పసివాళ్ళ వంక చూసి, అక్కడి కుర్చీలో కూలబడ్డారు.

లోపం నమూనాలోనే ఉంది. మూలలు విడిపోకుండా బిగించి పట్టే ఆనుపట్టీలు గీయడం పిల్లలు మరిచారు, పెద్దలమూ గమనించలేదు. ప్రియాంక వెక్కివెక్కి ఏడ్చింది. సువర్చల గారు ఆ పిల్ల భుజం పట్టుకుని, "తప్పు నువ్వే పట్టినావు కదే, ఏడుపెందుకు? రేపొచ్చి మళ్ళీ గీయండి" అన్నారు.

తరగతి ఆగలేదు. పిల్లలు మళ్ళీ గీశారు, వంతెన నిలిచింది.

ఇప్పుడా తరగతిని నన్ను తీసుకోమంటున్నారు. సూత్రాలు చెప్పగలను, కొలతలు దిద్దగలను. కానీ పదిమంది పెద్దలు తొందరపెడుతుంటే ఒక చిన్నపిల్ల మాట నమ్మి అడ్డంగా నిలబడే గుండెదిటవు ఎక్కడ నేర్చుకోను? అది నేర్పగలిగిన ఒక్క గురువూ వెళ్ళిపోయారు. ఆ ధీరమూర్తికి అశ్రునయనాలతో నమస్కరిస్తున్నాను.